ఆఫీసు గడపలో కప్పల పెండ్లి

మా ఊరిని ముంచింది మా అవ్వేనని కాలనీలో సగం మంది చాలాకాలం నమ్మారు. ముంచింది రిజర్వాయరు. కాగితాల్లో అలాగే ఉంది. కానీ మా వాళ్లకు కాగితాల కంటే కప్పల మీద నమ్మకం ఎక్కువ.

మాది ఉరవకొండ పక్క, వాన కోసం మెడలు పట్టేసేదాకా పైకి చూసే నేల. వాన మొహం చాటేసిన ఏడు మా ఊళ్లో కప్పల పెండ్లి చేసేవారు. రెండు కప్పలను పట్టి, తడిగుడ్డలో మూటగట్టి, వేపమండలతో పాటు రోకలికి వేలాడదీస్తారు. ఆ రోకలిని ఇద్దరు ఆడవాళ్లు భుజాలకెత్తుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. కప్పలు గడప ముందుకు వస్తే ఆ ఇంటివాళ్లు బిందెడు నీళ్లు వాటి మీద కుమ్మరించాలి. ఇంట్లో గొంతు తడుపుకోవడానికి లేకపోయినా సరే, కప్పలను పొడిగా పంపకూడదు. ఈ పెండ్లికి పురోహితుడు, పెండ్లిపెద్ద, అలిగే ఆడబిడ్డ అన్నీ మా అవ్వే. ఎవరైనా బిందెకు బదులు చెంబు తెస్తే అక్కడే కడిగేసేది.

ఆ చివరి ఏడు అవ్వ మరీ పట్టుబట్టి చేసింది. ఊరి మధ్యలో నిలబడి గంగమ్మతో జగడానికి దిగినట్టు మాట్లాడింది. "నాలుగు చినుకులేసి పారిపోతే ఒప్పుకునేది లేదు తల్లీ! ఈసారి నీళ్లొస్తే నిలవాల. ఎండాకాలంలో గూడా ఎండగూడదు. నా మనవరాలు బిందె చంకనేసుకుని ఇంగ మైలు దూరం పోగూడదు." నేను పక్కనే ఉన్నాను. కాలేజీలో చదివే పిల్లను, ఊరందరి ముందూ కప్పలతో పాటు నన్నూ సిఫార్సు చేసిందని సిగ్గుతో చచ్చిపోయాను.

వాన రాలేదు. నెల తిరక్కముందే సర్వేవాళ్లు వచ్చారు. మూడు కాళ్ల యంత్రం, ఎర్ర రంగు డబ్బా. మా ఇంటి గోడ మీద, మా తలల కంటే పైన ఎర్రగా ఒక గీత గీసి, "ఇక్కడి దాకా వస్తాయి" అన్నారు.

"ఏమొస్తాయప్పా?" అంది అవ్వ.

"నీళ్లమ్మా. రిజర్వాయరు కడతారు."

మా ఎదురింటి తాత, అవ్వకు వరసకు మరిది అవుతాడు, ఆ గీతను కాసేపు తల ఎత్తి చూసి, "అడిగితే అడిగినావు గానీ వదినా, రవంత తక్కువ అడిగింటే ఏం పోయేది?" అన్నాడు. ఏడవాల్సిన చోట ఊరు ఊరంతా పడి పడి నవ్వింది. ఆ మాట ఆ రోజు నుంచి అవ్వను వదల్లేదు.

తర్వాత మమ్మల్ని తెచ్చి గుట్ట మీద కాలనీలో పెట్టారు. కాగితాల్లో మాకు నిర్వాసితులని పేరు. దానికి అర్థమేమిటని అవ్వ అడిగితే, ఊరు పోయినవాళ్లని అర్థమవ్వా అని చెప్పాను. "ఊరు యాడికీ పోలేదు మే. ఆడనే ఉండాది, నీళ్ల కింద. పోయింది మనమే" అంది.

గుట్ట అంటే ఉత్త రాయి. బోరు వేస్తే తెల్లటి దుమ్ము లేచింది, అంతే. ఇంటి ముందు నిలబడితే రిజర్వాయరు మొత్తం కళ్లెదుట తళతళలాడుతూ ఉంటుంది. ఆ నీళ్లు ఒక పెద్ద పైపులో మా కాలనీని ఆనుకునే పట్నానికి పోతాయి. మాకు మాత్రం ట్యాంకరు. అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఆ పైపు మీద మేము బట్టలు ఆరేసేవాళ్లం. ఉతకడానికి నీళ్లు లేవు గానీ ఆరేయడానికి పైపు ఇచ్చారని మా అమ్మ అనేది. చెవి ఆనిస్తే లోపల నీళ్లు పోతున్న చప్పుడు స్పష్టంగా వినబడేది. మా నీళ్లు, మా నెత్తి మీదుగా వచ్చిన నీళ్లు, మమ్మల్ని దాటి ఎవరి ఇంటి పూలకుండీలకో పోతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక్కొక్క ఇంటికీ తాళం పడసాగింది. అందరూ బెంగళూరే. ఒకరు ఇళ్లు కట్టే బేల్దారి పనికి, ఒకరు ఇళ్లల్లో పనికి. చివరికి మా నాయన కూడా ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని మాట్లాడుకుని వచ్చాడు.

"ఉగాది దాకా చూస్తా. అంతలోపల కొళాయి రాకుంటే, మరుసటి రోజు పొద్దన్నే బెంగళూరు బస్సు. అందరమూ" అన్నాడు.

నాయన తక్కువ మాట్లాడతాడు, అన్నది చేస్తాడు. ఆయన లేస్తే మా వీధిలో మిగిలిన నాలుగిళ్లూ లేస్తాయని అందరికీ తెలుసు. అంటే ఊరు రెండోసారి పోయినట్టే, ఈసారి నీళ్లలో కాదు, నీళ్లు లేక.

"నేను రాను" అంది అవ్వ. "ఒగసారి లేచినా. ఇంగోసారి నన్ను లేపల్లంటే నలుగురు మోయల్ల."

అప్పటికి ఏడాదిగా ప్రతి సోమవారం అవ్వా నేనూ బస్సెక్కి అనంతపురం పోయి, నీళ్ల శాఖ ఆఫీసులో కొళాయి కోసం అర్జీ ఇచ్చేవాళ్లం. రాసేది నేను, వేలిముద్ర అవ్వది. ఆ ఏడు నేను రాసిన అర్జీలు డిగ్రీ మూడేళ్లలో రాసిన పరీక్షల కంటే ఎక్కువ. ఆ ఆఫీసు గుమస్తా ప్రతి వారం అర్జీ తీసుకుని, ముద్ర గుద్ది, ప్రాసెస్‌లో ఉందమ్మా అనేవాడు. ఒకసారి అవ్వకు తిక్క రేగింది. "బర్రెగొడ్డు గూడా పది నెలలకు ఈనుతాది గదప్పా! నీ ప్రాసెస్సు ఏ జంతువు?" అంది. వరసలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. గుమస్తా కూడా నవ్వాడు. నవ్వి మళ్లీ అదే ముద్ర గుద్దాడు.

కాలనీలో తాత మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఈ అర్జీలన్నీ యాందుకు వదినా? ఇంగొగ కప్పల పెండ్లి చేయరాదా? ఈసారి కొళాయికి సరిపోయేంత అడుగు. గుట్ట మునిగేంత అడగొద్దు" అనేవాడు.

"నేనింగ నీళ్లడగను పో!" అని లోపలికి పోయేది అవ్వ.

ఆమె కోపమంతా ఉత్తుత్తి కోపమని నేను అనుకునేదాన్ని. ఒక రోజు మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని వేరుశెనగ కాయలు ఒలుస్తుంటే, తల ఎత్తకుండానే అడిగింది. "నిజం చెప్పుమే. నేనడిగినందుకే కాదు గదా ఊరు మునిగింది?" ఇన్నాళ్లూ ఆ హాస్యమంతా ఆమె కడుపులో పడి ఉందని నాకు తెలియలేదు. ఆ రిజర్వాయరు ప్లాను నేను పుట్టకముందు నుంచీ ఫైళ్లలో తిరుగుతోందని, కప్పలకూ దానికీ ఏ సంబంధమూ లేదని గట్టిగా చెప్పాను. "అట్లయితే సరే" అంది. నమ్మలేదని ఆ గొంతులోనే తెలిసిపోయింది. తాత మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

మాఘమాసంలో ఒక సోమవారం, మామూలుగా అర్జీ ఇచ్చి బయటికి వచ్చాం. ఆఫీసు ముందు పచ్చగడ్డికి తోటమాలి రబ్బరు పైపుతో నీళ్లు పెడుతున్నాడు. ఆ పైపును గడ్డిలో పడేసి బీడీకి పోయాడు. గడ్డి తాగింది తాగగా మిగిలిన నీళ్లు మెట్లు దాటి, గేటు దాటి, రోడ్డు మీదికి పారుతున్నాయి. అవ్వ ఆ నీళ్ల పక్కన నిలబడి చూసింది. బస్సు తప్పిపోతుందని నేను చెయ్యి పట్టి లాగితే గానీ కదల్లేదు. ఉరవకొండలో బస్సు దిగగానే, "కప్పలు కావాల" అంది.

"ఇంక అడగనంటివే?"

"ఆకాశాన్ని అడగనంటి. నీళ్లు ఆకాశం కాడ లేవు మే, ఆఫీసు కాడ ఉండాయి. యాడ నీళ్లుంటే ఆ గడపకే పోవల్ల కప్పలు."

మాట కాలనీ అంతా పాకింది. తాత పరుగెత్తుకొచ్చాడు. "వానాకాలం కాదు, ఏం కాదు. మాఘంలో కప్పల పెండ్లేంది వదినా?"

"మాఘం పెండ్లిండ్ల కాలమే గదప్పా. మనుషులకు మంచిదైంది కప్పలకు కాదా?"

అయితే గుట్ట మీద కప్పలెక్కడివి? తేలూ తొండా తప్ప ఏమీ లేవు. కప్పలు కావాలంటే కిందికి, రిజర్వాయరు గట్టుకే పోవాలి. నాయన, అవ్వ, తాత, నేను బకెట్టు పట్టుకుని దిగాం. నీళ్లు కొంచెం తగ్గి ఉన్నాయి. ఖాళీ చేసేటప్పుడు దూలాలు, తలుపులు అందరూ పీక్కొచ్చారు గానీ రాతిగోడలను ఎవరు మోస్తారు? మా ఇంటి గోడ రెండు వరసలు నీళ్లపైకి తేలి ఉంది. వంటింటి వైపు మూల అది. ఆ రాళ్ల మీద పది పన్నెండు కప్పలు పెద్ద మనుషుల్లా కూర్చుని ఉన్నాయి.

నాయన వాటిని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "బాగుండాదప్పా! మనం ట్యాంకరు కాడ జుట్లు పట్టుకుంటాంటే, ఇవి మనింట్లో సుఖంగా కాపురం చేస్తాండాయి."

అవ్వ అలవాటుగా ఒక పెద్ద కప్పను చూపించి, "అదిగో పెండ్లికొడుకు" అంది. పక్కనున్న చిన్నదాన్ని చూపించి, "ఆ చిన్నది పెండ్లికూతురు" అంది.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఆ చదువు నాకు ఏ ఉద్యోగమూ తెచ్చిపెట్టలేదు గానీ నోరు మాత్రం ఊరుకోనివ్వలేదు. "కాదవ్వా. కప్పల్లో పెద్దది ఆడది. చిన్నది మగది. చూడు, దాని గొంతు కింద తోలు వదులుగా ఉండాది, అరిచేది అదే" అన్నాను.

అవ్వ నా వైపు చూసింది. కప్పల వైపు చూసింది. "అంటే, ఇన్నేండ్లూ నేను పెద్దదానికి పంచె కట్టి, చిన్నదానికి పసుపు పూసినానే?"

"పూసినావు."

"పెండ్లికొడుక్కు పసుపు పూసి, పెండ్లికూతురితో తాళి కట్టిస్తినా?"

"కట్టిస్తివి."

నవ్వుతుందనుకున్నాను. అవ్వ రాయి మీద అలాగే కూలబడి, రెండు చేతులూ గుండెలకు ఆనించుకుంది. తర్వాత ఒక్కసారిగా లేచి తాత మీదికి పోయింది. "విన్నావా రా! చెల్లని పెండ్లి! పెండ్లే చెల్లనప్పుడు నా మాట గంగమ్మకు యాడ చేరుతాది? నేనడిగింది ఆమెకు వినపడనే లేదు. ఊరు మునిగింది నా వల్ల కాదు! కాదు!" అరుస్తూనే కళ్లు తుడుచుకుంది. నేను గంట సేపు చెప్పిన ప్రాజెక్టు చరిత్ర చేయలేని పని, ఒక కప్ప గొంతు తోలు చేసింది. తాత తల గోక్కుంటూ, "నీ వల్ల అని నేనెప్పుడు అంటి వదినా, ఉత్త నగులాటకు అంటి గదా" అని గొణిగాడు. ఆ రోజు తర్వాత ఆ హాస్యం ఆయన మళ్లీ ఎత్తలేదు.

మరుసటి సోమవారం పదకొండు మంది ఆడవాళ్లం బస్సెక్కాం. రోకలి ఒకరి దగ్గర, వేపమండలు ఒకరి దగ్గర, తడిగుడ్డ కప్పిన బకెట్టు అవ్వ ఒళ్లో. కండక్టరు వంగి చూసి, "అవ్వా, బకెట్లో ఏముండాది?" అన్నాడు.

"పెండ్లి జంట."

లోపల ఏదో బెకమంది. కండక్టరు ఇంకేమీ అడగకుండా ముందు సీట్లవైపు పోయాడు.

ఆఫీసు గేటు దగ్గర రోకలికి కప్పలను కట్టాం. ఈసారి పసుపు పెద్దదానికే. సెక్యూరిటీ అతను అడ్డం రాబోయి, మూటలో ఉన్నది కదిలేసరికి పక్కకు తప్పుకున్నాడు. నేరుగా పోయి పెద్ద ఇంజనీరు గది గడప ముందు నిలబడ్డాం. మా గుమస్తా లోపలినుంచి ఉరికొచ్చి, "ఏం తమాషా ఇది? బయటికి నడవండి" అని అరిచాడు. ఆ అరుపుకు ఇంజనీరే బయటికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, కళ్లజోడు, చేతిలో పెన్ను.

అవ్వ గొంతు సవరించుకుంది. "సార్, మీ గడపకు కప్పలొచ్చినాయి. నీళ్లు పోయండి."

కేసు పెడతారేమో, నాయన ఇప్పుడే బస్సెక్కిస్తాడేమో అనుకున్నాను. ఇంజనీరు రోకలి చూశాడు, వేపమండలు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పులు విడిచాడు. "మాది బత్తలపల్లె పక్కన పల్లె అవ్వా. మా యమ్మ పోసేది. ఇంట్లో నీళ్లు లేకుంటే పక్కింట్లో అడుక్కొచ్చి పోసేది" అన్నాడు. అటెండరును నీళ్లు తెమ్మన్నాడు. అటెండరు ఒక చిన్న బాటిలు తెచ్చాడు.

"బిందెడు" అంది అవ్వ. చెంబు తెస్తేనే ఊరుకునే రకం కాదని చెప్పాను గదా.

ఇంజనీరు లోపలికి పోయి, తాను తాగే పెద్ద నీళ్ల క్యాను ఎత్తుకొచ్చి, బుడబుడమంటూ కప్పల మీద మొత్తం కుమ్మరించాడు. నీళ్లు గడప మీదుగా లోపలికి పారి ఫైళ్ల కట్టల దాకా పోయాయి. పెండ్లికొడుకు గట్టిగా బెకబెకలాడాడు. ఆఫీసంతా చుట్టూ మూగి నవ్వుతోంది. గుమస్తా కూడా ఉత్సాహం వచ్చి, "సరే అయిపాయ. ఆ కప్పల్ని మా గడ్డిలో వదిలేయండి అవ్వా. ఈడ నీళ్లకేం కొదవ, సుఖంగా ఉంటాయి" అన్నాడు.

అవ్వ కప్పల మూటను రోకలి నుంచి విప్పి, బకెట్టులో పెట్టుకుని గుండెకు హత్తుకుంది. "వద్దప్పా. నీళ్లుంటే సాలునా? ఊరు కాదు గదా. నన్నొగసారి పెరికి గుట్ట మీద నాటినారు. ఆ బాధ నేను పడతాండా. ఇంగ వీటికి గూడా యాందుకు?"

ఇంజనీరు మా అర్జీ తీసుకుని అక్కడే, తడిలో ఉత్తకాళ్లతో నిలబడి మొదటినుంచీ చివరిదాకా చదివాడు. నేను రాసినదాన్ని ఒక మనిషి పూర్తిగా చదవడం అదే మొదటిసారి. "పైపు పక్కనే పోతాంటే కొళాయి లేదా?" అన్నాడు. లేదన్నాం. "గురువారం నేనే వస్తా" అన్నాడు.

"రాకుంటే సోమవారం మళ్లా పెండ్లి" అంది అవ్వ. "మా ఇంట్లో కప్పలు శానా ఉండాయి."

సాయంత్రం కాలనీ చేరాక అందరం అలిసిపోయి చతికిలబడ్డాం. అవ్వ మాత్రం నాయన్ను లేపింది. కప్పలను తెచ్చిన చోటనే వదిలి రావాలంటుంది. ఎక్కడో గట్టున వదిలితే పోలేదా, కప్పకు కూడా అడ్రసు కావల్నా అమ్మా అని నాయన విసుక్కున్నాడు. విసుక్కుంటూనే దిగాడు. అవ్వ కూడా వెంట పోయి, వంటింటి మూల రాయి మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి, "మనిల్లే. ఉండండి" అని చెప్పి వచ్చింది.

గురువారం ఇంజనీరు నిజంగానే వచ్చాడు. ఆరేసిన బట్టలు పక్కకు జరిపి, పైపుకు చెవి ఆనించి విన్నాడు. తర్వాత మనుషులొచ్చారు, కాలువ తవ్వారు. తవ్వినవాళ్లు మాయమయ్యారు. పైపులొచ్చాయి, వాటిని కలిపే బెండు రాలేదు. బెండు వచ్చేసరికి మేస్త్రీ పెండ్లికి పోయాడు. మేము సోమవారాలు మానలేదు. అవ్వను గేటు దగ్గర చూడగానే సెక్యూరిటీ అతను ముందు బకెట్టులోకి తొంగి చూసి, తర్వాత నమస్కారం పెట్టేవాడు. ఇదంతా జరుగుతుండగానే ఉగాది వచ్చేసింది. వీధి మధ్యలో కొత్త కొళాయి నిలబడి ఉంది. తిప్పితే గాలి కూడా రాలేదు.

నాయన మాట మీద ఉన్నాడు. పండుగ రోజు పొద్దున్నే గిన్నెలూ బట్టలూ అన్నీ ఒక దుప్పట్లో వేసి మూట కట్టేశాడు. ట్యాంకరు నీళ్లతో కలిపిన ఉగాది పచ్చడి తిని అవ్వ అరుగు మీద కూర్చుంది. మూట వైపు చూడనైనా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని అర్జీలు రాసిన చెయ్యి ఇది, దేనికి పనికొచ్చింది అనిపించింది.

మధ్యాహ్నం దాటాక వీధిలో గుర్రుమని ఒక శబ్దం. కొళాయి దగ్గింది, ఉమ్మింది, ఎర్రటి నీళ్లు కక్కింది. తర్వాత తెల్లగా, ధారగా నీళ్లు. అందరూ బిందెలతో ఉరికారు. మా బిందె మూటలో ఉంది కాబట్టి నేను ఉత్తచేతులతో ఉరికాను. బిందెలు నిండాయి, బకెట్లు నిండాయి, ఆఖరికి కోళ్లు తాగే చిప్పలు కూడా నిండాయి. ఆనందంలో కొళాయి కట్టేయాలని ఎవరికీ తోచలేదు. పిల్లలూ పెద్దలూ చల్లుకుంటున్నారు, నీళ్లు వీధి పొడుగునా పారి గడపల దాకా వస్తున్నాయి.

అవ్వ అందరినీ తోసుకుంటూ వచ్చింది. కొళాయిని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా తిప్పి మూసేసింది. మూసినా వదల్లేదు. "సాలు తల్లీ, సాలు. ఇంగ అడగను. ఇంతే సాలు" అంటోంది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఆమె కప్ప గొంతు తోలును కూడా పూర్తిగా నమ్మలేదని.

తాత దగ్గరికి వచ్చాడు. ఏదో అనేస్తాడని భయపడ్డాను. ఆయన వంగి, అవ్వ వేళ్లు ఒక్కొక్కటే కొళాయి మీదినుంచి విప్పాడు. "ఇడువు వదినా. ఈ నీళ్లు వేరే. ఇవి మనం నిలపమంటే నిలుస్తాయి" అన్నాడు.

అవ్వ ఆయన మొహంలోకి చూసింది. కొళాయి తిప్పింది, నీళ్లు వచ్చాయి. మూసింది, ఆగిపోయాయి. మళ్లీ తిప్పింది, మళ్లీ మూసింది. వీధంతా కదలకుండా చూస్తోంది. మూడోసారి తిప్పి, ధార కింద చెయ్యి పెట్టి, నా వైపు తిరిగింది.

"ఏం చూస్తాండావు మే? పోయి మన బిందె తేపో."

నేను ఇంటివైపు చూశాను. నాయన అప్పటికే కూర్చుని బెంగళూరు మూట ముడి విప్పుతున్నాడు.